విద్యావ్యయము, విద్యార్జితము: ఒక చారిత్రక పరామర్శ

రఘువంశము అయిదవ సర్గమునందలి కౌత్సుని కథ మనలో పెక్కుమందికి తెలిసినదే. వరతంతు మహర్షి యొద్ద పదునాలుగు విద్యలు నేర్చిన యాతడు గురుదక్షిణగా నేమి సమర్పింపవలయునని పలుమారులు అడిగెను. నీవు చేసిన శుశ్రూషయే చాలునని గురువు చెప్పినను వినడయ్యెను. అంతట గురువు విసిగి విద్యకొక కోటి చొప్పున 14 కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజు కడకు పోయెను. విశ్వజిద్యాగమున సర్వస్వము దానము చేసి మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో నున్న యా రాజు కోశగృహమున కుబేరుడు బంగారము కురియించెను. రాజు అంతయు గైకొమ్మనెను; కౌత్సుడు గురువున కీయవలసినదానికి మించి యొక కాసైన ముట్టడయ్యెను.

ఈ ఘట్టమును నేను పాఠము చెప్పినన్నాళ్లు నా దృష్టి రాజు యొక్క దాతృత్వముపైనను కవి యొక్క రచనపైననే యుండెను. ఉద్యోగవిరమణానంతరము మన సంఘీయులు ఏటేట వేసవిలో పిల్లల కళాశాలా ప్రవేశముల వేళ కరపత్రములు చేతబట్టుకొని సలహాకై నాయింటికి వచ్చుట మొదలుపెట్టిన పిమ్మట ఈ కథలో నాకు వేరొక విషయము కానవచ్చెను. ఇందు విద్యకు వెల యెంతయో చదువు ముగిసినపిమ్మట తెలిసినది. ఆ వెల నిచ్చినవాడు విద్యార్థి తండ్రి కాడు. కౌత్సునికి పొలము కలదో లేదో కవి చెప్పనే లేదు. నేడు మన యిండ్లలో జరుగుచున్నది దీనికి సరిగా విపరీతము: వెల ముందే చెల్లింపవలెను, చెల్లించువాడు తండ్రి, అమ్ముడుపోవునది పొలము. విద్యకగు వ్యయము నెవరు భరించిరి, విద్యవలన వచ్చిన ధన మెవరికి చెందెను అను రెండు ప్రశ్నలను జతచేసి మన పూర్వచరిత్రను కొంత పరామర్శించుట యీ వ్యాసోద్దేశము. ప్రైవేటు కళాశాలలో సీటు కొనుటకు ముందు వేయవలసిన లెక్క యేదియో ఆ పరామర్శవలన కొంత తేటపడునని నా నమ్మకము.

విద్య నమ్ముట మన ధర్మశాస్త్రకారులకు గిట్టలేదు. జీతము గొని చదువు చెప్పు భృతకాధ్యాపకుని, జీతమిచ్చి చదువుకొను భృతకాధ్యాపితుని మనువు శ్రాద్ధపంక్తికి పనికిరానివారిలో చేర్చెను. ఆ నియమము నేడు పాటించినచో ముప్పదియేండ్లు నెలజీతము పుచ్చుకొన్న నాకును, ఫీజు కట్టిన మీకును ఒక్క విస్తరియైన దొరకదు. కాళిదాసు సైతము మాళవికాగ్నిమిత్రమున చదువును జీవికకు మాత్రమే వాడుకొనువానిని జ్ఞానము నమ్ముకొను వర్తకునిగా నొక పాత్రచేత చెప్పించెను. కాని ఉపాధ్యాయుడు గాలి భుజించి బ్రతుకడుగదా! ఎవరో యొకరు ఖర్చు భరింపవలసినదే. గుంటూరు జిల్లా మందడము చెంతనున్న మల్కాపురపు శాసనము (క్రీ. శ. 1261) దీనికి చక్కని సాక్ష్యము. గోళకీమఠాధిపతియగు విశ్వేశ్వర శివాచార్యునకు కాకతీయ గణపతిదేవుడు మందడమును, రుద్రమదేవి వెలగపూడిని దానమిచ్చిరి. ఆ గ్రామముల యాదాయముతో వేదములు, తర్కము, సాహిత్యము, ఆగమములు బోధించు అధ్యాపకులకు జీవిక యేర్పడెను. ప్రసూతిశాలయు ఆరోగ్యశాలయు నడచెను. ఒక్కొక్క తండ్రి భారము గాక రెండు గ్రామముల పంట ఆ విద్యకు మూలధనమైనది. ఆ వెలగపూడియందే 2016 నుండి ఆంధ్రప్రదేశ్ తాత్కాలిక సచివాలయ మున్నది. ఆ చుట్టుపట్ల ఇనవోలు, నీరుకొండ గ్రామములలో 2016 నాటి ప్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టము ననుసరించి వెలసిన విశ్వవిద్యాలయములు 2017 నుండి నడచుచున్నవి. నేల యదియే, ఖర్చు భరించు చేయి మాత్రము మారినది.

రాజదానములు అందనిచోట కుటుంబమే ఖర్చు పెట్టెను. అట్లు పెట్టిన కుటుంబమునకు ఆ విద్యవలన వచ్చిన ధనములో వాటా కలదా యని మన శాస్త్రకారులు మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. దీనికి వారు పెట్టిన పేరు విద్యాధనము. పితృద్రవ్యమునకు నష్టము లేకుండ సంపాదించినది మాత్రమే సంపాదించినవాని స్వార్జితమని యాజ్ఞవల్క్యుని మతము. కాత్యాయనుడు మఱి యొక యడుగు ముందుకు వేసి, పరుల యన్నము తినుచు పరుల యొద్ద నేర్చిన విద్యవలన వచ్చినదే విద్యాధనమని నిర్వచించెను. అనగా ఇంటి యన్నము తిని, ఇంటి డబ్బుతో చదివినవాడు గడించినది ఇంటిల్లిపాదిది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర మన దేశమున ప్రమాణమయ్యెను. తిక్కనసోమయాజి కాలపువాడగు కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. మన పెద్దలు "వారములు చేసికొని" చదివినారని చెప్పుకొందుము. సోమవార మొక యింట, మంగళవార మొక యింట భోజనము చేయుచు పట్టణమున చదివిన పేదబాలుని అన్నము పరాన్నము. కాత్యాయనుని లెక్కలో వాడు తరువాత గడించినది వాని సొంతము. తండ్రి పొలము తాకట్టు పెట్టి చదివించినవాని సంపాదనమట్లు కాదు. ఈ భేదము నేటివారికి వింతగా తోచవచ్చును గాని, వ్యయమునకు ఫలమునకు నడుమ సంబంధమును మన పూర్వు లెంత గట్టిగా పట్టుకొనిరో దీనివలన తెలియును.

ఇంగ్లీషు విద్య వచ్చినపుడు ఈ పాతప్రశ్న క్రొత్తరూపము దాల్చినది. 1844 అక్టోబరు 10వ తేదీని గవర్నరు జనరలు హార్డింజి ప్రభువు ప్రభుత్వోద్యోగములలో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యము నిచ్చు తీర్మానము గావించెను. నా యభిప్రాయమున మన దేశమున కళాశాలా విద్యకు విపణిలో వెల యేర్పడిన దినము అదియే. అటుపై 1854లో ఉడ్ దొరగారి విద్యాలేఖ ప్రైవేటు పాఠశాలలకు సహాయధనము నీయవచ్చునని చెప్పెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. మచిలీపట్టణమున 1843లో రాబర్టు నోబుల్ దొరగారు పెట్టిన పాఠశాల, విజయనగరమున మహారాజావారి కళాశాల, కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల మున్నగునవి ప్రభుత్వము పెట్టినవి కావు. మిషనరీల విరాళము, జమీందారుల ధనము వానికి మూలము. ఇప్పటివలె పెట్టుబడి పెట్టి లాభము నాశించినవి కావు గనుక ఫీజు కొంత తక్కువ. అయినను పట్టణమున బస, భోజనము, పుస్తకములు సామాన్య గృహస్థునకు భారమే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున అగ్నిహోత్రావధానులు కుమారుని ఇంగ్లీషు చదువునకగు ఖర్చునకు గొణుగుట మీకు జ్ఞాపకముండును. ఆ యింటనే చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులకు 1800 రూపాయలకు కట్టబెట్టు మాటయు జరుగును. కొడుకు చదువును కూతురి జీవితమును ఒక్క కప్పుక్రింద ఉంచిన ఆ నాటకము హాస్యమని మనము నవ్వుకొందుము. దీనిని గురించి మరల చెప్పవలసియున్నది.

చదివినవారు గడింపసాగినంతనే ఆ ప్రశ్న న్యాయస్థానమునకు పోయెను. ఇంటి ఖర్చుతో చదివి న్యాయవాదవృత్తి చేసినవాని యార్జితములో అన్నదమ్ములకు వాటా కలదని మదరాసు హైకోర్టు 1870 ప్రాంతపు తీర్పులలో సాగించిన వాదము సుప్రసిద్ధము. సాధారణ విద్య మాత్రమే ఇంటివా రిప్పించినచో వాటా లేదు, ప్రత్యేకవృత్తికి తర్ఫీదు ఇప్పించినచో వాటా కలదను విభాగ మొకటి పుట్టి, ప్లీడర్లకు చేతినిండ పని కల్పించెను. ఈ చిక్కు విప్పుటకై 1891లో వి. భాష్యమయ్యంగారు మదరాసు శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టిరి. గవర్నరు దాని నామోదింపలేదు. పూర్వాచారపరులు ఆ బిల్లును తీవ్రముగా వ్యతిరేకించిరి. వారి వాదమును నేడు చదువువారు నవ్వుదురేమోగాని నాకది పూర్తిగా నవ్వదగినదిగా తోపదు. ఒకని చదువునకై నలుగురు అన్నదమ్ములు గంజి త్రాగినచో ఆ నలుగురికి ఏమి మిగులును అని వారి ప్రశ్న.

1921లో ప్రీవీకౌన్సిలు తీర్పు ఆ సందేహమునకు తుదిరూపమిచ్చెను. ఇండియను సివిల్ సర్వీసు ఉద్యోగి యొకడు ఉమ్మడికుటుంబపు ధనముతో చదివెను గావున ఆతని జీతము ఉమ్మడియాస్తియే యని ప్రభువులు నిర్ణయించిరి. చదివిన లోకమంతయు ఉలికిపడినది. తొమ్మిదేండ్లకు, 1930లో, ఎం. ఆర్. జయకరుగారి కృషివలన హిందూ విద్యార్జిత చట్టము పుట్టినది. చదువునకైన ఖర్చు ఎవరు పెట్టినను, చదువు సాధారణమైనను వృత్తిసంబంధమైనను, దానివలన వచ్చిన ధనము చదివినవాని స్వార్జితమే యని ఆ చట్టము ప్రకటించినది. వ్యక్తిస్వాతంత్ర్యమునకు ఇది మేలే చేసినది; నే నందుకు విరోధిని కాను. కాని ఆనాటినుండి ఖర్చు ఒకరిది, రాబడి మఱియొకరిది అయినదను మాట మాత్రము మరువరాదు. చట్టము వెనుకకు లెక్క చూడదు గనుక, లెక్క ముందే చూచుకొనవలసిన భారము కుటుంబముపై పడినది. వందయేండ్లకు చేరువైనను ఆ భారమును మనము గుర్తించినట్లు లేదు.

స్వాతంత్ర్యానంతర చరిత్రను త్వరగా చెప్పెదను. 1953లో టి. ఎం. ఏ. పాయిగారు మణిపాలులో ప్రైవేటు వైద్యకళాశాలను స్థాపించిరి. సీటునకు పెద్ద మొత్తము ముందుగా పుచ్చుకొను పద్ధతి ఆ ప్రాంతమున బలపడెను. మన పిల్లలు కర్ణాటకమునకు పోయి డొనేషనులు కట్టి చదువుట 1970-80ల నాటి జ్ఞాపకము. మన రాష్ట్రమున 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల, ఆ వెంటనే హైదరాబాదులో మఱికొన్ని కళాశాలలు వచ్చినవి. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కాపిటేషను ఫీజును నిషేధించుచు చట్టము చేసినది. చట్టమున్నను సీటునకు చాటున ధర పలుకుట మానలేదని మీరెరుగుదురు. 1992లో మోహినీ జైన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ముందుకు వచ్చిన అంకెలు చూడుడు: కర్ణాటకపు ప్రైవేటు వైద్యకళాశాలలలో ప్రభుత్వపు సీటునకు ఏటికి 2,000 రూపాయలు, ఆ రాష్ట్రీయులకే ఇతర సీటునకు 25,000, పరరాష్ట్రీయులకు 60,000. గురువొకరే, గది యొకటే, పట్టా యొకటే. వెల మాత్రము ముప్పదిరెట్లు. 1993లో ఉన్నికృష్ణన్ తీర్పు సగము సీట్లు ఉచితముగాను సగము ఫీజు సీట్లుగాను పంచినది, 2002లో టి. ఎం. ఏ. పాయి ప్రతిష్ఠానపు తీర్పు ఆ పంపకమును కొట్టివైచినది. 2005లో ఇనాందారు తీర్పు ఫీజుల నియంత్రణకు సమితులుండవచ్చుననియు, లాభాపేక్ష, కాపిటేషను కూడవనియు నిలిపినది. నేడు మనము వినుచున్న కన్వీనరు కోటా, మేనేజిమెంటు కోటా, ఫీజుల నియంత్రణ సమితి యనునవన్నియు ఈ వ్యాజ్యముల సంతానమే.

2008 ప్రాంతమున వచ్చిన ఫీజు రీయింబర్సుమెంటు మల్కాపురపు శాసనమును కొంత తలపించినది; ఖర్చును ప్రభుత్వము భరించెను. దానివలన పేద యిండ్లనుండి మొదటిసారిగా ఇంజనీరులు వచ్చిరి. ఆ మేలును కాదనువాడు కృతఘ్నుడు. కాని ఆ ధనమును చూచుకొని ఉమ్మడి రాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలలు 700 వరకు పెరిగినవి; తరువాత విద్యార్థులు లేక వానిలో పెక్కు మూతపడినవి. బకాయిలు పడినపుడు పట్టాలను కళాశాలలు తమయొద్దనే నిలుపుకొన్నవార్తలు మీరు పత్రికలలో చదివియే యుందురు. కావున రీయింబర్సుమెంటు వచ్చునను ధైర్యముతో చేరునపుడు సైతము రానిచో ఏమిచేయుదుమను ప్రశ్న ఒకటి వేసికొనవలెను.

ఇక లెక్క. తెలంగాణమున 2022-25 సంవత్సరములకు ఇంజనీరింగు ఫీజు తక్కువలో తక్కువ 45,000 రూపాయలు. ఎక్కువ వసూలుచేయు కళాశాలలలో లక్షన్నర దాటినది. కాని పెద్ద సాఫ్టువేరు సంస్థలు క్రొత్తగా చేరు సామాన్య పట్టభద్రున కిచ్చు జీతము పదునైదేండ్లుగా ఏటికి మూడు, మూడున్నర లక్షలవద్దనే తచ్చాడుచున్నది. ధరలు పెరిగినవి, ఫీజులు పెరిగినవి, మొదటిజీతము పెరుగలేదు. మన యిండ్లలో జరుగు తర్కము పాత జీతమును చూచి క్రొత్త ఫీజు కట్టుట. 2005లో చేరిన మేనమామ అమెరికాకు పోయెను గావున 2025లో చేరు మేనల్లుడును పోవునని నిశ్చయించుకొనుచున్నారు. తర్కశాస్త్రమున దీనిని హేత్వాభాసమందురు.

మాటవరుసకు రెండు మార్గములు తీసికొందము. మొదటిది: ఏటికి ఫీజు లక్షన్నర, హాస్టలు లక్ష, నాలుగేండ్లకు 10 లక్షలు. రెండవది: ఏటికి ఫీజు 45,000, ఇంటినుండి పోయివచ్చుటకును భోజనమునకును 30,000, నాలుగేండ్లకు 3 లక్షలు. రెండును ఏటేట ఋణముగా తెచ్చినవే యనుకొందము. తన పొలమమ్మినవాడును ఆ సొమ్ముపై వచ్చు రాబడిని పోగొట్టుకొనునుగదా. నూటికి పది వడ్డీ, చక్రవడ్డీ కాదు, చదువు ముగిసిన యేడాదికి వాయిదాలు మొదలు. అప్పటికి మొదటివాని ఋణము 13 లక్షల 50 వేలు. రెండవవానిది 4 లక్షల 5 వేలు. పదేండ్లలో తీర్చవలెనన్న మొదటివాడు నెలకు సుమారు 17,800, రెండవవాడు సుమారు 5,350 రూపాయలు కట్టవలెను. మూడున్నర లక్షల వార్షిక జీతమనగా నెలకు 29,000, కోతలకు ముందుమాట. అందులో 17,800 పోగా హైదరాబాదులోనో బెంగుళూరులోనో గదియద్దెయు తిండియు ఎట్లు గడచునో మీరే యూహింపుడు. రెంటికి నడుమ భేదము నెలకు 12,500, ఏటికి లక్షన్నర. కావున ఎక్కువ వెల గల కళాశాల తక్కువ వెల గలదానికంటె ఏటికి లక్షన్నర అధికముగా పదేండ్లపాటు గడింపజేయగలదా యన్నదే ప్రశ్న. ఇవ్వగలిగినచో నిశ్చింతగా చేర్పింపుడు. అట్టి కళాశాలలు లేకపోలేదు. ఇయ్యలేనిచో గొప్ప భవనము, ఈతకొలను, ద్వారమువద్ద వినాయకవిగ్రహము చూచి మోసపోవలదు.

ఇవ్వగలదా లేదా యని తెలిసికొనుటయే కష్టము. కరపత్రముపై ముద్రించు ముప్పది, నలుబది లక్షల ప్యాకేజి ఒక్కనిది. తరగతిలోని అరువదిమందిని జీతముల వరుసను నిలువబెట్టి, ఉద్యోగము రానివారిని సైతము ఆ వరుసలోనే నిలిపి, ముప్పదవవాని జీతమెంతయని అడుగవలెను. కేంద్రప్రభుత్వపు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. జాబితాకై 2016 నుండి కళాశాలలు సమర్పించు వివరములలో ఎందరు ఉత్తీర్ణులైరి, ఎందరికి ఉద్యోగములు వచ్చినవి, ఉద్యోగము వచ్చినవారి మధ్యస్థ వేతనమెంత అను అంకెలు బహిరంగముగా దొరకును. అవియు కళాశాలలు తాము చెప్పుకొన్నవే గాని, కరపత్రముకంటె మేలు. బ్యాంకు ఋణము తీసికొనువారు మఱియొకటి చూడవలెను. సాధారణముగా ఏడున్నర లక్షలు దాటిన ఋణమునకు బ్యాంకులు తాకట్టు అడుగును. 2024 నవంబరులో కేంద్రమంత్రివర్గ మామోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము ఎంపికచేసిన విద్యాసంస్థలలో చేరువారికి తాకట్టు, పూచీ లేకుండ ఋణ మిప్పించును. తాము చేరదలచిన కళాశాల ఆ జాబితాలో కలదో లేదో చూచుట అయిదు నిమిషముల పని.

పాలిటెక్నిక్ మార్గమును మనవారు చిన్నచూపు చూచుచున్నారు. పదవ తరగతి పిమ్మట మూడేండ్ల డిప్లొమా ముగించి, ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. ఒక యేటి ఫీజు మిగులును. నడుమ పని దొరికినచో అక్కడనే నిలువవచ్చును. మా పాఠశాలలో నా వద్ద తెలుగు చదివిన బాలిక యొకతె ఈ త్రోవను పోయి విశ్వవిద్యాలయపు కళాశాలలోనే పట్టా పుచ్చుకొన్నది. ఆమె తండ్రి నన్ను చూచినప్పుడెల్ల "అప్పు లేని చదువండీ మాష్టారూ" అనును. ఉద్యోగపు మాట తరువాత చెప్పును.

మఱియొక కుటుంబము కథ చెప్పక తప్పదు. 2010లో నా పూర్వశిష్యుని తండ్రి ఎకరమున్నర మాగాణి యమ్మి కుమారుని మేనేజిమెంటు సీటున చేర్పించెను. కళాశాల పేరు చెప్పను, అట్టివి అనేకములు. 2014లో పట్టా వచ్చినది. రెండేండ్లు హైదరాబాదులో అమీరుపేట శిక్షణాలయముల చుట్టు తిరిగినపిమ్మట నెలకు 12,000కు పని దొరికినది. తండ్రి యనారోగ్యముతో పోయెను. అతని చెల్లెలు వివాహిత. ఆమె ఇంటరు పిమ్మట డిగ్రీకి ఊరిలోని తక్కువ ఖర్చు కళాశాలలో చేరినది, అధికముగా ఖర్చు పెట్టుటకు అన్న సీటు అడ్డమైనది. 2021లో ఆమె తన వాటా అడిగెను. మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5వ తేదీ మొదలు అవివాహిత కుమార్తెలకు, 2005 సెప్టెంబరు 9వ తేదీ మొదలు దేశమంతటను కుమార్తెలకు పిత్రార్జితమున జన్మసిద్ధమైన హక్కు కలదు. 2020లో సుప్రీముకోర్టు దానిని మఱింత స్పష్టపరచెను. ప్లీడరుగారు పరిశీలించి, కుటుంబసభ్యుని విద్య అవసరవ్యయమే గనుక భూమి కొన్నవానిపై దావా నిలువదని చెప్పిరి. దానితో చట్టము పని అయినది. అన్నాచెల్లెండ్రిద్దరును నాయింటి వసారాలో కూర్చుండిరి. ఆ భూమి నేడున్నచో ఎంత పలుకునో చెల్లెలు అంకె చెప్పెను. అన్న తలవంచుకొని, "ఆ కాలేజి నేను కోరుకున్నది కాదు మాష్టారూ, నన్నెవరూ అడగలేదు" అనెను. ఇద్దరును అబద్ధమాడలేదు. నేను సర్దిచెప్పబోయి ఊరకుంటిని.

అగ్నిహోత్రావధానుల యింటిని గురించి మరల చెప్పెదనంటిని, ఇందుకే. కొడుకునకు లక్షన్నర ఫీజు, కూతురునకు ఊరి డిగ్రీ కళాశాల యను పంపకము మన యిండ్లలో నేటికిని సాగుచున్నది. "ఆడపిల్లకు కట్నము వేరే పెట్టవలెనుగదా" యని సమాధానము చెప్పుదురు. 1930 చట్టము కొడుకు సంపాదనమును కొడుకునకే యిచ్చినది. 2005 చట్టము భూమిలో వాటాను కూతురున కిచ్చినది. కావున పిత్రార్జితమును అమ్మి కొడుకు సీటు కొనుట యనగా కూతురి వాటాను ఖర్చుచేసి కొడుకు స్వార్జితమును పెంచుటయే. ఈ మాటను నేను సభలలో చెప్పినపుడు కొందరు పెద్దలకు కోపము వచ్చినది. వారి కోపమును నేను గౌరవింతును, అంకెలను మార్చజాలను.

మన సంఘమునకు ఈ చరిత్రలో చోటు కలదు. 1918లో హైదరాబాదున కొత్వాలు రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారు రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. ఆ కాలమున కులసంఘము లనేకము కళాశాలలు పెట్టుటకంటె హాస్టళ్లు పెట్టుటకే మొగ్గు చూపినవి. ఏలయన పల్లెనుండి వచ్చు బాలునకు ఫీజుకంటె బస భోజనములే పెద్ద ఖర్చని వారెరుగుదురు. పైన వేసిన లెక్కలోను హాస్టలు నాలుగు లక్షలని గుర్తింపుడు. మన నిధినుండి ఏటేట మొదటి ర్యాంకు వచ్చినవారికి స్వర్ణపతకము లిచ్చుచున్నాము. వారు పతకము లేకున్నను పైకి వత్తురు. ముప్పదవ స్థానమున నిలిచిన పిల్లవానికి, అంతకంటెను ముందు పిల్లకు, పట్టణమున పడక చోటును రెండు పూటల భోజనమును దొరకిన ఆ నాలుగు లక్షలు ఇంటివారికి మిగులును. దాతలు ఈ విషయమును ఆలోచింతురుగాక యని మనవి. కౌత్సునివలె అవసరమునకు మించి తీసికొనకుండ, చదువు ముగిసినపిమ్మట వడ్డీలేకుండ తిరిగియిచ్చు పద్ధతిని కార్యవర్గమువారి యెదుట వ్రాతమూలముగా నుంచితిని.

లెక్కకు ఆధారము కావలెను. కళాశాలలవారు చెప్పునది, పత్రికలు వ్రాయునది గాక మన పిల్లలకు నిజముగా ఎంత ఖర్చైనది, ఎంత వచ్చినది అను సమాచారము మనయొద్దనే యున్నది, ఎవరును వ్రాసియుంచలేదు. అందులకై ఒక బౌండు పుస్తకము గీతలు గీయించి తెచ్చితిని. పేరు వ్రాయనక్కరలేదు. చదివిన కోర్సు, చేరిన సంవత్సరము, కళాశాల, హాస్టలు వడ్డీ సహా మొత్తము ఖర్చు, ఆ ధనము భూమి యమ్మగా వచ్చినదో బంగారము కుదువపెట్టగా వచ్చినదో బ్యాంకు ఋణమో రీయింబర్సుమెంటో, మొదటి యేటి జీతము, అయిదవ యేటి జీతము, ఇంటిలో ఆడపిల్లయున్నచో ఆమె యెక్కడ చదివినది అను గడులు మాత్రము నింపిన చాలును. మహాసభ రెండుదినములును ఆ పుస్తకము భోజనశాల ద్వారముచెంత, తాంబూలముల బల్లప్రక్కన నుండును. కలము దారముతో కట్టియుంచితిని.